చిన్న కుక్కకు బటన్ లీష్ (రిట్రాక్టబుల్) కొనాల్నా వద్దా? మన దిక్కు వాడినోళ్లు జర చెప్పుండ్రి

పానగల్ పోరడు:
అన్నలకు అక్కలకు నమస్తే. మా ఇంట్ల షిట్జు ఉంది, ఆడది, ఏడాదిన్నర, ఆరు కిలోలు ఉంటది, పేరు చిన్ని. ఇన్నొద్దులు నాలుగు ఫీట్ల నైలాన్ బెల్ట్ తోనే తిప్పుతున్న. మా చెల్లె హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఆ బటన్ ఒత్తితే ఆగేది, ఇడిస్తే లోపటికి చుట్టుకునేది ఐదు మీటర్ల లీష్ తెస్త అంటుంది. నేను పొద్దుగాల ఉదయసముద్రం కట్ట మీదికి తీస్కపోత, ఆడ జాగ మస్తుంటది, మాపటికి మాత్రం మా గల్లీలనే, గల్లీల అంటే మీకు తెల్సిందే బండ్లు, పోరగాండ్లు, మోరి పక్కన పండుకున్న వీధి కుక్కలు. యూట్యూబ్ల చూస్తే సగం మంది బంగారం అంటరు, సగం మంది చెత్తకుండిల పారెయ్యి అంటరు. మన ఊర్లల్ల వాడినోళ్లు చెప్తేనే నాకు నమ్మకం.

పాలమూరు పిల్ల:
నేను వాడుతున్న బ్రో, మా పగ్ కి. నాకైతే సూపర్. పొద్దున స్టేడియం గ్రౌండ్ కి తీస్కెళ్తా, అక్కడ వాడు గడ్డి అంతా వాసన చూసుకుంటూ వాడి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాడు, నేను ఒక దగ్గర నిలబడి చాయ్ తాగుతా. మామూలు బెల్ట్ తో అయితే వాడు ఎటు పోతే అటు నేను వంగుకుంటూ ఉరకాలె. కుక్కకి నడక కంటే వాసన చూడడమే ఎక్కువ అవసరం అంట కదా, ఇంటికి వచ్చినాక హాయిగా పడుకుంటాడు, సోఫా కొరకడు. కానీ రోడ్డు మీదికి రాగానే లాక్ వేసి పక్కనే నడిపిస్తా. లాక్ వెయ్యడం అలవాటు లేనోళ్లు మాత్రం కొనొద్దు.

మిర్యాలగూడ మామ:
కొనకు. అంతే.

పానగల్ పోరడు:
మామా కారణం గూడ చెప్పు జర 😀

మిర్యాలగూడ మామ:
కారణం ఏముంటది, మా రోడ్డు మీద వడ్ల లారీలు రాత్రిపగలు తిరుగుతనే ఉంటయి. మా పక్కింటోళ్ల పామరేనియన్ కి గదే లీష్. ఆయన ఫోన్ మాట్లాడుకుంట రోడ్డు పక్కన నిలబడ్డడు, కుక్క అవుతల ఒడ్డున పిల్లిని చూసి ఉరికింది, నడుమల తాడు. టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చినాయనకు ఆ సన్న తాడు కనవడుతదా? బండి పడ్డది, ఆయన మోకాలు చెక్కుకపోయింది, కుక్కకు ఏం కాలే గాని భయంతోటి వారం దాక గేటు దాటలే. అప్పుడు జరిగిన లొల్లి అంతా ఇంతా గాదు. తాడు పొడుగుంటే కుక్క నీ చేతుల ఉన్నట్టు గాదు, రోడ్డు చేతుల ఉన్నట్టు.

జడ్చర్ల జిమ్మీ:
మామ చెప్పింది లీష్ తప్పు కాదు, ఫోన్ తప్పు. ఏ బెల్ట్ అయినా ఫోన్ చూసుకుంట పట్టుకుంటే అంతే.

సరే, లోపల ఏముంటదో చెప్తా, ఎందుకంటే చాలా మందికి అది తెల్వకనే సమస్య వస్తది. నేను పాడైనవి రెండు విప్పి చూసిన. ప్లాస్టిక్ డబ్బాల ఒక చక్రం, దానికి చుట్టిన పట్టీ, నడుమల పలుచటి ఉక్కు స్ప్రింగ్, అచ్చం మేస్త్రీల కొలత టేప్ లెక్క. బటన్ ఒత్తితే ఒక పన్ను పోయి చక్రం గాడిల పడ్తది, అంతే బ్రేక్. ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి: ఆ స్ప్రింగ్ కి కుక్కను వెనక్కి గుంజే బలం ఉండదు. వదులుగా ఉన్న పట్టీని మాత్రమే లోపటికి చుట్టుకుంటది. కుక్క ఐదు మీటర్ల దూరంల ఉండి అవుతలికి గుంజుతుంటే మీరు బటన్ ఎంత ఒత్తినా అది ఆగుతదే గాని దగ్గరికి రాదు. దగ్గరికి తెచ్చుకోవాలంటే లాక్ ఒత్తి చెయ్యి వెనక్కి గుంజాలె, బటన్ ఇడిచి చెయ్యి ముందుకు తీస్కపోవాలె, అప్పుడు వదులైనంత చుట్టుకుంటది, మళ్లీ లాక్, మళ్లీ గుంజుడు. ఇంటి వరండాల ఇది ప్రాక్టీస్ చెయ్యకుండా బయటికి పోకండి.

పట్టీలల్ల గూడ తేడా ఉంది. సన్న తాడువి ఉంటయి, మొత్తం పట్టీవి ఉంటయి. సన్న తాడుది అస్సలు వద్దు, వేళ్లు కోస్తది. పట్టీది కొంచెం బరువు, కొంచెం రేటు, కానీ దూరం నుంచి కనవడ్తది. డబ్బా మీద ఎన్ని కిలోల కుక్కకో రాసి ఉంటది, ఆరు కిలోల కుక్కకి అన్నిటికంటే చిన్న సైజు చాలు, మూడు మీటర్లది.

పాలమూరు పిల్ల:
అవును తాడుది నేను కూడా మొదట చూశా, షాపాయన "ఇదే ఎక్కువ పోతది మేడం" అన్నాడు. ఎక్కువ పోతది అంటే చీప్ కాబట్టి 😅

వనపర్తి టీచరమ్మ:
అందరికీ నమస్కారం. నేను రిటైరయ్యాను, మా దగ్గర పదేళ్ల స్పిట్జ్ ఉంది (అందరూ పామరేనియన్ అంటారు గానీ మన దగ్గర ఉండేవి ఎక్కువగా ఇండియన్ స్పిట్జే). ముసలిదైంది కాబట్టి మెల్లగా నడుస్తుంది, లాగదు, దానికి ఈ లీష్ చాలా సుఖంగా ఉంది. కానీ నాలాంటి వాళ్లకి ఒక మాట. పట్టీ కాళ్ల చుట్టూ తిరిగిందో పడిపోవడమే. మా కాలనీలో ఒకావిడ నైటీ మీద కుక్కని తిప్పుతుంటే కుక్క ఆమె చుట్టూ ఒక రౌండ్ కొట్టి ముందుకి ఉరికింది, పిక్క మీద తాడు రాసుకుని కాలిన గాయంలాగా ఎర్రటి చార పడింది, మానడానికి చాలా రోజులు పట్టింది. వయసు పైబడినవాళ్లు తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే మంచం మీద నుంచి లేవడం కష్టం. నేను ఎప్పుడూ ప్యాంటు లాంటి పంజాబీ డ్రెస్సు, బూట్లు వేసుకునే వెళ్తాను, చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇంకో విషయం, తాడుని చేత్తో పట్టుకోకండి. కుక్క దూరం పోతోందని భయంతో ఎవరైనా అదే చేస్తారు, అరచెయ్యి చీరుకుపోతుంది. వేలికి చుట్టుకుంటే వేలే పోయిన కేసులు అమెరికాలో ఉన్నాయి.

పశువుల డాక్టర్ సాబ్:
ఆలస్యంగా చూసిన ఈ చర్చ. కొన్ని చెప్పాల్సినవి ఉన్నయి, పొడుగు అయితది, ఓపికతోటి చదవండి.

మొదటిది మెడ. షిట్జు, పామరేనియన్, యార్కీ, చివావా, పగ్ ఇట్లాంటి చిన్న జాతులకు శ్వాసనాళం నాజూకుగ ఉంటది. ఆ గొట్టం తెరిచి ఉండేటందుకు మృదులాస్థి రింగులు ఉంటయి, చిన్న జాతులల్ల అవి వయసు పెరిగే కొద్ది మెత్తబడి లోపలికి చప్పబడే జబ్బు ఉంది, ట్రాకియల్ కొలాప్స్ అంటరు. దాని గుర్తు ఏందంటే ఉత్సాహం వచ్చినప్పుడు, పట్టా గుంజినప్పుడు పొడి దగ్గు ఆగకుండ వస్తది. మా దగ్గరికి వచ్చి "సార్ గొంతుల ఏదో ఇరుక్కుంది" అంటరు, ఇరుక్కున్నది ఏం ఉండదు. అందుకని చిన్న కుక్కకు రిట్రాక్టబుల్ వాడితే మెడ పట్టాకు తగిలియ్యొద్దు, ఛాతీ హార్నెస్ కే (ఛాతీకి, వీపుకు చుట్టు తొడిగే పట్టీలకు) తగిలియ్యాలె. అది గూడ వీపు మీద కొక్కెం ఉన్నది. ముందు ఛాతి మీద కొక్కెం ఉన్న హార్నెస్ కు ఈ లీష్ తగిలిస్తే ముందు కాళ్లల్ల చిక్కుకుంటది.

రెండోది కుదుపు. నాలుగు ఫీట్ల బెల్ట్ తోటి కుక్క ఉరికినా దానికి వేగం అందుకునేంత జాగ ఉండదు. ఐదు మీటర్లు ఉంటే అది ఫుల్ స్పీడ్ అందుకుంటది, అప్పుడు పట్టీ టక్కుమని అయిపోతది, లేకపోతే మీరు భయపడి బటన్ ఒత్తుతరు. ఆ దెబ్బ మొత్తం మెడ మీద, వెన్ను మీద పడ్తది. డాషండ్ లాంటి పొడుగు నడుము కుక్కలకు వెన్నుపూసల నడుమ డిస్క్ జారే జబ్బు ముందే ఎక్కువ, వాటిని ఉరికిచ్చి బటన్ ఒత్తుడు మాత్రం చెయ్యకండి. వేగం తగ్గినంకనే లాక్ వెయ్యాలె.

మూడోది అలవాటు. ఈ లీష్ పట్టీ ఎప్పుడు కొంచెం బిగిసే ఉంటది స్ప్రింగ్ వల్ల. గుంజితే ఇంకింత జాగ దొరుకుతది అని కుక్క నేర్చుకుంటది. కుక్కపిల్లకు పక్కన నడుచుడు నేర్పకముందే ఇది చేతికిస్తే తర్వాత మామూలు బెల్ట్ తోటి నడిపియ్యాలంటే మీకు చెమటలు పడ్తయి. ఆరేడు నెలల కుక్కపిల్లలకు నేనైతే అస్సలు వద్దంట.

ఇక మన ఊర్లల్ల అసలు భయం వీధి కుక్కలు. అది ఇంకో పోస్టుల రాస్త, కరెంటు పోయింది.

గద్వాల్ గల్లీ:
డాక్టర్ సాబ్ మాది డాషండ్ ఏ. కుదుపు సంగతి కరెక్ట్. మా వాడికి ఎలుక కనవడితే మనిషిని గుర్తుపట్టడు. నేను ఆ బటన్ లీష్ మా అన్న కొడుక్కి ఇచ్చేసి, టైలర్ దగ్గర పదిహేను ఫీట్ల కాటన్ నాడా పట్టీ కొని ఒక చివర కొక్కెం కుట్టిచ్చుకున్న. కోట కాడ ఖాళీ జాగల ఇడుస్త, పట్టీ నేల మీద పారుతుంటది, అవసరమైతే కాలు పెట్టి తొక్కితే ఆగుతడు. ఖర్చు ఎంతయితదో మీరే లెక్కేసుకోండి. ప్లాస్టిక్ లేదు, స్ప్రింగ్ లేదు, పాడయ్యేది లేదు.

జడ్చర్ల జిమ్మీ:
లాంగ్ లైన్ బెస్టే గాని అన్న, వానకాలం నల్లరేగడి బురదల పదిహేను ఫీట్ల పట్టీ ఈడ్చుకుంట ఇంటికి తీస్కరా చూద్దాం. ఇంట్లోళ్లు మనల్ని గూడ కుక్కతోటి బయట కట్టేస్తరు 🤣

గద్వాల్ గల్లీ:
మాది ఇసుక నేల తమ్మీ. దులిపితే పోతది.

పశువుల డాక్టర్ సాబ్:
వీధి కుక్కల సంగతి. చిన్న కుక్క ఐదు మీటర్ల దూరంల ఉందనుకోండి, మూల మలిగేసరికి నాలుగు కుక్కలు లేస్తయి. జిమ్మీ చెప్పినట్టు మీ కుక్క భయంతోటి అవుతలికి గుంజుతుంటే మీరు దాన్ని దగ్గరికి తెచ్చుకునే లోపటనే అవి చేరుకుంటయి. పెద్ద కుక్క చిన్నదాన్ని నోట్ల పట్టి విదిలిస్తే పైన చర్మం మీద చిన్న పన్ను గాట్లే కనవడ్తయి, లోపల కండ చీలి, పక్కటెముకలు విరిగి ఉంటయి. పైన చిన్నగనే ఉందిగదా అని పసుపు రాసి ఇంట్ల పెట్టుకోకండి, అదే రోజు దవాఖానకు తీస్కరండి. మీ కుక్కకు రేబిస్ టీకా ప్రతి యేడు పడి ఉన్నా, వీధి కుక్క కరిస్తే మళ్లీ బూస్టర్ వేపియ్యాలె. మిమ్మల్ని గూడ కరిచినా, గీకినా సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి వెంటనే టీకాకు పోవాలె.

అందుకని గల్లీల మూల మలిగేటప్పుడు, పార్క్ చేసిన కారు దాటేటప్పుడు, తెరిచి ఉన్న గేటు ముందట, పట్టీ లాక్ ఉండాలె, కుక్క మోకాలు పక్కన ఉండాలె. కనవడని జాగలకు కుక్క మీకంటే ముందు పోవొద్దు.

మిర్యాలగూడ మామ:
అసలు ఈ వీధి కుక్కల్ని మున్సిపాలిటీ వాళ్లు పట్టుకపోతే అయిపోతది గద, సుప్రీంకోర్టు గూడ చెప్పింది.

పాలమూరు పిల్ల:
అంకుల్ కోర్టు చెప్పింది అది కాదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల అన్నీ షెల్టర్లకి తీస్కెళ్లమన్నారు, మళ్లీ ఆగస్టు 22నే మార్చారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివి అక్కడే వదలమన్నారు, రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి తప్ప. చెవి కొన కత్తిరించి ఉంటే అది ఆపరేషన్ అయిన కుక్క అని గుర్తు. మా గల్లీలో రెండు అలాంటివే, మా పగ్ గాడికి మంచి సోపతి.

మిర్యాలగూడ మామ:
తర్వాత బస్టాండ్లు, బడులు, దవాఖానల నుంచి తీసెయ్యమని గూడ చెప్పిండ్రు నవంబర్ల, అది మర్చిపోకు.

అడ్మిన్:
వీధి కుక్కల మీద వేరే చర్చ నడుస్తుంది, అక్కడ కొట్లాడుకోండి. ఇక్కడ లీష్ వరకే.

సూర్యాపేట జంట కుక్కలు:
రెండు కుక్కలున్నోళ్లకి ఒక మాట, రెండు బటన్ లీష్లు రెండు చేతులల్ల పట్టుకుంటే ఐదు నిమిషాలకే జడ అల్లినట్టు చిక్కుపడ్తయి. రెండు డబ్బాలు పట్టుకుంటే కుక్కను ఎత్తుకునేందుకు చెయ్యి ఖాళీ ఉండదు గూడ. ఒకదానికి మామూలు బెల్ట్ పెట్టాల్సిందే.

ఇంకొకటి ఎవరు చెప్పలే, డబ్బా చేతిల నుంచి జారితే. దీపావళి ముందు రోజు ఎవరో లక్ష్మీ బాంబు వేసిండ్రు, మా చిన్నది ఉలిక్కిపడి గుంజింది, హ్యాండిల్ జారింది. అది స్ప్రింగ్ కదా, డబ్బా కుక్క వెనకాలనే టకటక కొట్టుకుంట ఉరికొస్తది, కుక్క ఎంత ఉరికితే అది అంత వెంబడిస్తది. దానికి దయ్యం తరుముతున్నట్టే. కొత్త బస్టాండ్ దాక ఉరికింది, ఒక కొబ్బరిబోండాల బండాయన పట్టుకున్నడు. అప్పటి నుంచి లీష్ కనవడితే మంచం కిందికి పోయేది. డబ్బా పక్కనే పల్లీలు తినిపిచ్చుకుంట మళ్లీ అలవాటు చేసిన.

పశువుల డాక్టర్ సాబ్:
మంచి పని చేసిండ్రు. పండుగల దినాలల్ల, బతుకమ్మ, గణేశ్ నిమజ్జనం డీజేలు ఉన్నప్పుడు ఈ లీష్ ఇంట్ల పెట్టి మామూలు బెల్ట్ చేతికి చుట్టుకుని తీస్కపోండి. పల్లీలల్ల ఉప్పుకారం ఉండొద్దు మరి.

జడ్చర్ల జిమ్మీ:
హ్యాండిల్ జారకుండ దానికి చిన్న దారపు ఉంగరం వేసి మణికట్టుకు తగిలిచ్చుకోవచ్చు, చిన్న కుక్కలకైతే నడుస్తది. పెద్ద కుక్కకు మాత్రం వద్దు, భుజం ఊడొస్తది.

మెయింటెనెన్స్ గూడ రాస్త, ఎవరు రాయలేదు. వానల తడిస్తే పట్టీ మొత్తం బయటికి గుంజి లాక్ వేసి, కుర్చీకి తగిలిచ్చి రాత్రంతా ఆరనియ్యాలె. తడిది లోపటికి చుట్టుకుంటే కంపు, స్ప్రింగ్ కి తుప్పు. మన దిక్కు ఎర్రమట్టి, సన్న ఇసుక పట్టీ మీద పేరుకుని లోపటికి పోతది, గాడి అరిగి లాక్ జారుడు మొదలైతది. వారానికొకసారి తడిబట్ట పెట్టి తుడుసుకుంట లోపటికి ఇడవండి. ఇడిచేటప్పుడు కొక్కెం చేతిల పట్టుకునే ఇడవండి, లేకపోతే టప్పున వచ్చి మొఖానికి కొడ్తది, కంటికి తగిల్తే అంతే సంగతులు. 2008ల అమెరికాల ఒక బ్రాండ్ వి రెండు లక్షలకు పైగ లీష్లు వాపస్ తీస్కున్నరు, కొక్కెం విరిగి ముక్క మొఖానికి తగిలిన కేసుల వల్లనే. అందుకే కొనేటప్పుడు కొక్కెం ఇనుపదా పూత పూసిన రేకుదా చూడండి, నాలుగు వందలకు దొరికే వాటిల్ల అదే దరిద్రం. డబ్బా విప్పి రిపేర్ చేద్దాం అనుకోకండి, స్ప్రింగ్ మొత్తం ఒక్కసారి విచ్చుకుని చెయ్యి కోస్తది. నేను విప్పింది గ్లౌజులు వేసుకుని, అది గూడ పారేసేదే కాబట్టి.

వనపర్తి టీచరమ్మ:
ఇది కొత్తగా వచ్చిన వస్తువనుకుంటాం గానీ 1908 లోనే అమెరికాలో మేరీ డెలానీ అనే ఆవిడ దీనికి పేటెంట్ తీసుకున్నారు. అందరి చేతుల్లోకి వచ్చింది మాత్రం 1970ల తర్వాత జర్మనీ కంపెనీ తయారు చేయడం మొదలుపెట్టాకే.

పాలమూరు పిల్ల:
టీచరమ్మ గారు మీ పోస్టులు చదివితే పరీక్ష ఉందేమో అని భయమేస్తది 😀

పానగల్ పోరడు:
అందరికి మస్తు థ్యాంక్స్. ఇంత సంగతి ఉందని తెల్వదు. చెల్లెకు ఫోన్ చేసిన, ఐదు మీటర్లది వద్దు, మూడు మీటర్ల పట్టీది, చిన్న సైజు, తాడుది అస్సలు వద్దని చెప్పిన. సోమేశ్వరాలయం దాటినంక కట్ట మీద మాత్రమే ఇడుస్త, గల్లీల పాత నైలాన్ బెల్టే. మామ కోపం చేయకు. ఇప్పుడు హార్నెస్ సైజు ఎట్ల చూడాల్నో చెప్పుండ్రి, చిన్నికి బొచ్చు ఎక్కువ, ఆన్లైన్ల ఎస్ అని ఎం అని ఉంటయి, ఏదో అర్థం కాలే.

మిర్యాలగూడ మామ:
కోపం ఏం లేదు బిడ్డా. కట్ట మీద గూడ అంచుకు పోనియ్యకు, నీళ్లు నిండుగ ఉన్నయి ఇప్పుడు.

పశువుల డాక్టర్ సాబ్:
ముందు కాళ్ల వెనకాల, ఛాతి ఎక్కువ వెడల్పు ఉన్న కాడ టైలర్ టేప్ తోటి చుట్టు కొలువు. బొచ్చు అదిమి కొలవాలె, లేకపోతే పెద్ద సైజు వస్తది. కిలోలు చూసి కొనకు, ఇంచులు చూసి కొను. వేసినంక పట్టీకి ఒంటికి నడుమ రెండు వేళ్లు పోవాలె, మూడు పోతే వెనక్కి నడిచి తల తీసేస్తది, షిట్జులు ఆ పనిల ఎక్స్‌పర్టులు. చంకల కింద రాసుకుంటే బొచ్చు ఉండ కడ్తది, ఇంటికి రాంగనే తీసెయ్యి, రాత్రి పగలు ఉంచకు. ఎండాకాలం అయితే పొద్దుగాల ఆరున్నర లోపటనే తిప్పు, చప్పిడి ముక్కు కుక్కలు ఎండకు తట్టుకోవు.

పానగల్ పోరడు:
కొలిచిన సార్, పదహారు ఇంచులు. ఎస్ అంటే పదిహేను దాక, ఎం అంటే పదిహేను నుంచి పంతొమ్మిది అని రాసి ఉంది.

పశువుల డాక్టర్ సాబ్:
ఎం తీస్కో, పట్టీలు బిగిచ్చుకునే బకిల్ రెండు దిక్కుల ఉన్నది చూడు.